సొట్టలు లేని కారు

పళ్ళ బాబాయికి కార్లంటే ప్రాణం. నడపడం మాత్రం రాదు. ఈ రెండో ముక్క ఆయన మొహం మీద అనే ధైర్యం ఆయన అక్కకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఆయన పళ్ళసెట్లు చేస్తాడు. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని, మైనంలో పళ్ళు పేర్చి, గులాబీ రంగు పొడి కలిపి చిగుళ్ళు పోతపోసి, అద్దంలా సానపట్టి పంపుతాడు. వీధిలో సగం మంది నవ్వు ఆయన చేతి చలవే. ఇంటికొచ్చాక ఇంకో పని. పెట్టెల్లో విడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కార్లను అతికించి రంగు వేయడం. రంగు కింద ఒక్క నలుసు కనబడినా అంతా గీకేసి మళ్ళీ మొదలుపెడతాడు. పిన్ని దీన్ని కడుపు నిండిన బేరం అంటుంది.

బాబాయి గోడల్లా ఒక్కటే. కొత్తగా వచ్చే పెట్టెలన్నీ ఒక తానులో ముక్కలే. నేలకు బొజ్జ ఆనించి పాకే పందెం కార్లే. మామూలు మనిషి ఎక్కే కారు ఒక్కటీ రాదు.

"ఏమొచ్చాయి కొత్తవి?" అని బొమ్మల కొట్టాయన్ని అడుగుతాడు.

"ఎర్రది వచ్చింది బాబాయ్ గారూ."

"పోయినసారి వచ్చిందీ ఎర్రదేగా."

"ఇది ఇంకా ఎరుపండి."

పెట్టె మీద బొమ్మ కొత్తది, పేరు కొత్తది. ఇంటికెళ్ళి విప్పితే లోపల ఎప్పటి అచ్చే, మీసం పెట్టుకుని మళ్ళీ వచ్చిన పాత దొంగలా నవ్వుతుంది. బాబాయి అలా ఒకే కారును మూడుసార్లు కొన్నాడు. మూడోసారి కొట్టాయన్ని నిలదీశాడు కూడా.

"రోజూ చూసే కారును ఎవరు కొంటారండీ? మనిషి కలలో కనబడేదే కొంటాడు," అన్నాడు కొట్టాయన.

"నా కలలో కారుకు నాలుగు తలుపులుంటాయయ్యా. వెనక సీట్లో ఎవరో ఒకరు వాంతి చేసుకుంటుంటారు. అది పంపమను మీ కంపెనీని."

అలాంటి కారు నిజంగానే అక్క దగ్గర ఉంది. అక్కది డ్రైవింగ్ స్కూలు, ఇంటి ముందు గదిలోనే. అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టుండే మీగడ రంగు బండి, అక్క కాలికింద ఇంకో బ్రేకు. వీధిలో సగం మంది నవ్వు బాబాయిదైతే, సగం మంది డ్రైవింగు అక్కది. ఇప్పుడు ఆ బ్రేకు తొక్కే మోకాళ్ళు మొరాయించాయి. బండి అంతకుముందే మొరాయించింది. నెలాఖరు శనివారం తుక్కు కొట్టు నుంచి మనుషులొచ్చి పట్టుకుపోతారు. ఆ ఏర్పాటు చేసిన రోజు నుంచి కారు మాట ఎత్తితే చాలు, అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

సరిగ్గా అప్పుడే కొట్టాయన ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. అదే కారు, అదే పేరు. త్వరలో పెట్టెలో వస్తుందట. బాబాయి ఉన్నపళంగా అక్క దగ్గరికి వెళ్ళి మాటిచ్చేశాడు.

"నీ కారు గుమ్మం దాటేలోపు దాని బొమ్మ నీ బల్ల మీద ఉంటుందక్కా."

అక్క గుమ్మంలోంచి బండి వంక చూసింది. తర్వాత, "ఆ మాట తప్పకురా. ఖాళీ గుమ్మం వంక చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు," అంది.

పెట్టె వచ్చింది. కొట్టు బల్ల మీదే విప్పాడు బాబాయి. కారు అదే, పేరూ అదే, కానీ పందేలకు తయారుచేసిన రకం. రెండు తలుపులు ఎగిరిపోయాయి. వెనక సీటు లేదు. డిక్కీ మీద ఇస్త్రీ బల్లంత రెక్క ఒకటి.

"చక్రాలు నాలుగూ ఉన్నాయి బాబాయ్ గారూ," అన్నాడు కొట్టాయన ఓదార్పుగా.

ఇంటికొచ్చి పెట్టెను మంచం మీద పడేసి, కంపెనీ ఏడు తరాలనూ తిట్టుకుంటూ కూర్చున్నాడు. పిన్ని కాసేపు విన్నది. తర్వాత బట్టలు మడతపెడుతూ అంది:

"ఏవండీ, లేని పళ్ళు తయారు చేసి మనుషుల చేత నమిలిస్తారు కదా. లేని కారు చేయడానికేం వచ్చింది రోగం?"

బాబాయి తిట్టడం ఆపాడు.

మర్నాడు వెనక గదిలో మైనంతో కారు చెక్కాడు. అచ్చు తీసి, ఉన్న పొడితోనే పోతపోశాడు. ముందుపళ్ళు రెండు అరగదీసి దీపాలుగా పెట్టాడు. డాక్టరు గారు గదిలోకి వచ్చి, గులాబీ రంగులో మెరుస్తున్న ఆ ముద్దను కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఎవరిదయ్యా ఈ దవడ?"

"మా అక్కదండి."

డాక్టరు గారు మళ్ళీ ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

పందెం పెట్టెలోంచి చక్రాలు, అడుగుభాగం తీసి బిగించాడు. మీగడ రంగు పూత మీద పూత వేశాడు. నలుసు లేదు, గీత లేదు. ఆ శనివారం పొద్దున రుమాల్లో చుట్టుకుని డ్రైవింగ్ స్కూలు గదికి వెళ్ళి, అక్క ముందు బల్ల మీద పెట్టి రుమాలు తీశాడు.

అక్క చూసింది. చుట్టూ తిప్పి చూసింది.

"బాగుందిరా. ఎవరిది?"

బాబాయి బొమ్మ ముందు భాగాన్ని ఆమె వైపు తిప్పాడు. "నీదేనక్కా."

"నాది ఏనాడైనా ఇంత నున్నగా ఉందట్రా? సొట్టలేవి?"

ఆయన జేబులో పెన్నుతో పాటు ఎప్పుడూ మైనం కత్తి ఉంటుంది. అక్క దాన్ని తనే లాక్కుంది. సొరుగులోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి, కత్తి మొన కాల్చింది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది బ్యాంకు మేడమ్. రివర్సు అంటే ముందుకు పోనిచ్చింది," అని వెనక తలుపు మీద నొక్కింది. "ఇది మందుల కొట్టాయన. బండి తోలమంటే దారిన పోయేవాళ్ళకు దండాలు పెట్టాడు." ఇంకోటి నొక్కింది. మీగడ రంగు చిట్లి లోపలి గులాబీ బయటపడింది. "ఏమిట్రా ఇది, నా కారుకు చిగుళ్ళొచ్చాయి?" అంటూ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని బాబాయి కళ్ళు తెరిచాడు.

అక్క కత్తి మళ్ళీ కాల్చి ఆయన చేతికిచ్చింది.

"ముందు ఎడమ మూల మిగిలింది. అది నువ్వే పెట్టు."

"గేటు ముందుకొచ్చిందక్కా ఆ రోజు."

"గేటుకు కాళ్ళున్నాయా? పెట్టు."

బాబాయి తన చేత్తో తనే నొక్కాడు. అప్పుడే తుక్కు కొట్టు మనిషి తాళం కోసం లోపలికొచ్చాడు. అక్క తాళం ఇచ్చింది. వంటింట్లోకి వెళ్ళలేదు, బొమ్మ ముందే కూర్చుంది. అతను బల్ల మీదికి వంగి బొమ్మను చూశాడు, గుమ్మంలోంచి కారును చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు.

"అచ్చు దించేశారండీ. ముందు మూల సొట్టే ఇంకాస్త లోతుండాలి."

అక్క కొవ్వొత్తిని తమ్ముడి వైపు జరిపింది. బాబాయి కత్తి మళ్ళీ మంటలో పెట్టాడు.