ఎత్తు మీదనే మొత్తుకునే మిలిట్రీ బండి

మా బావ మిలిట్రీలో లారీ నడిపి, పింఛనుతో ఇంటికొచ్చి, ఖాళీగా కూర్చోలేక మళ్లీ ఒక మిలిట్రీ లారీనే కొన్నాడు. వేలంలో అమ్మేసిన ఆ పాత బండి చేతులు మారి మారి మహబూబాబాద్, జనం మాటలో మానుకోట, చేరింది. అక్క దాన్ని సవతి అనేది. నెల్లికుదురు దగ్గరి తండా ఆడవాళ్లను మిరపకాయలు ఏరడానికి కాటారం దిక్కు చేన్లకు తీసుకుపోయి, పని ముగిశాక తిరిగి తెచ్చి దించడం దాని పని. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించరాదని చట్టం ఉంది. తండాకు బస్సు వేసి తీరాలన్న చట్టం లేదు. ఈ రెండింటి సందులో మా బావ బతుకు నడిచేది.

నిరుడు ఏరుడు కాలంలో ఆ బండి చప్పుడు మొదలుపెట్టింది. భూపాలపల్లి దాటి కాటారం పోయే అడవి రోడ్డు మీద ఒక ఎత్తు ఉంది. ఖాళీ బండి దాన్ని బుద్ధిగా ఎక్కేది. వెనుక మనుషులు నిండుగా కూర్చుంటే మాత్రం ఇంజిన్‌లోంచి టక్, టక్, టక్. లోపల ఎవరో ఇరుక్కుని తలుపు కొడుతున్నట్టే ఉండేది. ఎత్తు దాటితే మాయం. చిట్యాలలో షెడ్డుకు తీసుకుపోయి నిలబెడితే, మెకానిక్ ముందు అది కొత్త కోడలిలా నోరు విప్పేది కాదు. ఆయన విని విని, "ఇంజిన్ మంచిగుందన్నా, నీ చెవులు చూపించుకో" అని పంపేశాడు.

షెడ్డు చెప్పలేనిది ఊరు చెప్పింది. మిలిట్రీ బండి కాబట్టి అది శవాలను మోసి ఉంటుందట. అందులో ఒక సిపాయి ఇంకా దిగలేదట. మనుషులు ఎక్కినప్పుడే పిలుస్తున్నాడట. బండి కాగితాల ప్రకారం అది ఉన్నన్నాళ్లూ రేషన్ మోసింది. బావ ఆ మాటే చెప్పి చూశాడు. "గది ఉల్లిగడ్డలు మోసిన బండిరా" అన్నాడు. ఉల్లిగడ్డలకు దయ్యమయ్యే యోగ్యత లేదని ఎవరూ వినలేదు.

తండా ముఠాకు పెద్ద ఒక ముసలామె. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. మేమూ ఆమెను అట్లే పిలుస్తాం. ఆమె ఒక మాట చెప్పేసింది. "తమ్మి, సప్పుడు పోయేదాక మా ఆడోళ్లు ఎక్కరు." ఈసారి ఏరుడు మొదలయ్యేలోగా వాళ్లు ఎక్కకపోతే బండి పాత ఇనుముకు పోతుంది. భూపాలపల్లి పాత సామాన్ల వ్యాపారి అప్పటికే వచ్చి, టైర్లు తన్ని చూసి పోయాడు. బండి పోయినంక ఏం చేస్తావని అక్క అడిగితే బావ పోయి బండి అద్దం తుడిచాడు.

అప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది. నాది జనగామ. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను. పిలిచిన చోట ఉపన్యాసం ఇస్తాను, పిలవని చోటా ఇస్తాను. ఉత్త చేతిలోంచి విభూతి రాల్చాను, నిప్పుల మీద నడిచాను. కానీ దయ్యానికి బదులు ఇంజిన్‌తో వాదించమని నన్ను పిలవడం అదే మొదలు.

వెళ్లగానే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు, పిడి చెవికి ఆనించి విన్నాను. బావ ఇంజిన్‌లోకి డీజిల్ పోసే నాజిల్ పైపులను ఒక్కొక్కటే వదులు చేస్తూ పోయాడు. లోపల దెబ్బతిన్న భాగం ఉంటే దాని వంతు రాగానే చప్పుడు మారాలి. మారడానికి ముందు చప్పుడు ఉండాలి కదా. లేదు.

"ఏంది బామ్మర్ది, దయ్యం నిన్ను చూసి భయపడ్డదా?"

"బరువుంటేనే వస్తుంది బావా. మనుషుల వల్ల కాదు, బరువు వల్ల."

"బరువంటే మనుషులే గద."

మా గురువులు నేర్పిన పద్ధతి ఒకటుంది. రెండు కారణాలు అంటుకుని కనిపిస్తే ఒకదాన్ని తీసి చూడాలి. మనుషుల్ని తీసేసి ఇసుక బస్తాలు నింపాం. ఎత్తు దగ్గరికి పోయాం. సగం ఎక్కగానే టక్, టక్, టక్. నాకు సభలో చప్పట్లు విన్నంత సంతోషమైంది.

"చూశావా? దయ్యానికి ఇసుక మీద ఏం కోపం?"

బావ గేరు మార్చాడు. "ఇసుక వాగుది. వాగుల ఎంతమంది కొట్టుకపోలేదు?"

ఓడిపోవడానికి వీల్లేకుండా కట్టిన వాదమంటే ఇదే. పండితులు దానికి గ్రంథాలు రాస్తారు. మా బావకు ఒక గేరు మార్చేంత సమయం చాలింది.

వాదన ఆపి, ఆ ఎత్తు మీదనే బండిని నిలబెట్టించాను. బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాను. బావ బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో పెట్టి, క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. బండి కదలదు గానీ ఇంజిన్ మాత్రం లోడు లాగుతున్నట్టే పెనుగులాడుతుంది. "చేతి ఏళ్లు దూరం పెట్టు. అవి పోతే వ్యాసాలెవలు రాస్తరు?" అని, తనే మళ్లీ, "రాయకపోతే పాయె" అన్నాడు.

క్లచ్ వదలగానే ఇంజిన్ ఒక పక్కకు ఒరిగింది. దాని కింద కూర్చునే రబ్బరు దిమ్మ ఒకటి నడిమికి చీలిపోయి ఉంది. ఒరిగిన ఇంజిన్‌తో పాటు ముందున్న ఫ్యానూ ఒరిగింది. ఫ్యానుకూ రేడియేటర్‌కూ నడుమ, అప్పటిదాకా ఫ్యాను రెక్కల చాటున ఉండి, పై కమ్మీకి వేలాడుతున్న ఒక మూట కనిపించింది. గుర్రపు నాడా, నల్లతాడు, ఎండి రాయిలా అయిన నిమ్మకాయలు, రాగి తాయెత్తులు, గవ్వలు. సాపు రోడ్డు మీద అది నిటారుగా వేలాడుతుంది. బండి ముక్కు పైకి లేస్తే వెనక్కి, ఫ్యాను మీదికి ఊగుతుంది. ఎత్తు, బరువు రెండూ కలిసినప్పుడే రెక్క పోయి నాడాను కొడుతుంది. టక్, టక్, టక్.

బావ దిగివచ్చి చూశాడు.  నేను అడిగాను.

"ఎవరు కట్టారు?"

"కొన్న కొత్తలనే రబ్బరుకు పగులు చూసిన. మానుకోట సేటు దుకాణం పోయి అడిగిన. గీ పాత బండ్లకు రబ్బరు రాదన్నడు. నాడా ఉన్నది, పట్టుకపో అన్నడు. కడితే పోయేదేముందన్నడు."

ఒకే దుకాణం, ఒక అరలో రబ్బర్లు, పక్క అరలో నాడాలు. మొదటిది అయిపోతుంది, రెండోది ఎప్పుడూ అయిపోదు. రబ్బరు పూర్తిగా చీలినంక చప్పుడు మొదలైంది. అది వచ్చినప్పుడల్లా ఆ మూటలోకి ఇంకొకటి చేరింది. చప్పుడుకు మందు కట్టారు, మందు పెరిగినకొద్దీ చప్పుడు పెరిగింది. ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అనుమానం వచ్చిన ప్రతివాడూ ఒక నిమ్మకాయ తెచ్చాడు. ఈ దేశంలో ఎన్ని పనులు ఇట్లే నడుస్తున్నాయో రాస్తే వ్యాసం పొడుగవుతుంది.

కత్తెర తీశాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గవ్వలు యాడి కట్టింది. కట్టినోళ్లే ఇప్పాలె. నువ్వు కోస్తే ఆమె సచ్చినా బండి ఎక్కది."

"నువ్వు నమ్ముతావా?"

"నేను నమ్మ. ఆమె ఎక్కాలె గద."

 కత్తెర జేబులో పెట్టుకుని తండాకు పోయి, ఒక్కసారి కళ్లతో చూడమని ఒప్పించి, యాడిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఎత్తు దగ్గరికి వచ్చాం. చప్పుడు విన్నప్పుడు ఆమె కొంగు బిగించి పట్టుకుంది గానీ దిగిపోతానని అనలేదు. బండి ఆపి బానెట్ ఎత్తాం. నేను మొత్తం వివరించాను. ఆమె వంగి, ఒరిగే ఇంజిన్‌ను, ఊగే మూటను చూసింది. బావ ఇంజిన్ ఆపాక తన గవ్వలు తనే విప్పుకుని మొలకు కట్టుకుంది. బావ నాడా తీశాడు. ఫ్యాను కొట్టిన చోట దాని అంచు అరిగి తళతళలాడుతోంది. ఆమె దాన్ని అందుకుని తిప్పి తిప్పి చూసింది.

"పాపం, మస్తు కొట్లాడింది."

"కొట్టింది ఫ్యాను, యాడీ."

"ఫ్యానే కొట్టింది సారు, నేను కాదంటలేను. ఫ్యానుకు కొట్టుమని ఎవలు చెప్పిన్రు?"

"చీలిన రబ్బరు."

"రబ్బరుకు?"

"సేటు" అన్నాడు బావ. ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, అది నా గెలుపా ఆమె గెలుపా తేల్చుకోలేకపోయాను.

అదే బస్తాలతో మళ్లీ ఎత్తెక్కాం.  ఇంజిన్ ఊగింది, మూలిగింది, టక్ అనలేదు. పైకి చేరాక యాడి అంది. "ఆ రబ్బరు ఎయ్యి తమ్మి. ఏసినంక వస్తం."

రబ్బరు ఎక్కడా దొరకలేదు. చివరికి దొరికింది భూపాలపల్లి పాత సామాన్ల వ్యాపారి దగ్గరే. బొగ్గు గనుల్లో అరిగిపోయి తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు ఆయన దగ్గర గుట్టగా ఉన్నాయి. బండిని ముక్కలు చేద్దామని చూసిన మనిషే దాని ఇంజిన్ కిందికి ముక్క కోసిచ్చాడు. మొహం మాత్రం మాడ్చుకున్నాడు.

ఏరుడు మొదలైన రోజు ఆడవాళ్లు సద్దిమూటలతో వచ్చి ఎక్కారు. అరిగిన నాడా యాడి గుడిసె గుమ్మానికి మేకుతో కొట్టి ఉంది. సిపాయిని ఓడించిన నాడా అని అప్పటికే పేరు పడింది. ఉల్లిగడ్డల సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బండి బయలుదేరే ముందు, ముందర బంపరుకు కొత్త నిమ్మకాయ ఒకటి వేలాడుతూ కనిపించింది. నేను బావ వైపు చూశాను.

"గట్ల చూడకు బామ్మర్ది. బయట కట్టిన. ఫ్యానుకు తగలది."

వంగి జాన పెట్టి కొలిచాను. నడుమ రేడియేటర్ ఉంది, దాని ముందు జాలీ ఉంది. ఎంత ఎత్తెక్కినా తగలదు. లేచి చేతులు దులుపుకుని, యాడి జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాను.