పండ్లు చూడకుండా కొన్నవి

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్త గొర్రె వచ్చిందంటే మరునాడు పొద్దున దాని చుట్టూ పది మంది చేరేవారు. మాది అమ్రాబాద్ అడవి అంచున గొర్రెల కాపరుల పల్లె. మా తాత నెలకోసారి అంగడికి పోయి ఒకటో రెండో గొర్రెలు కొనుక్కొచ్చేవాడు. ఆయనే కాదు, ఎవరు కొన్నా మరునాడు మంద మేతకు కదిలే ముందు కొత్తవాటిని దొడ్డి ముందుకు తోలి అందరికీ చూపించాలి. ఏ ఊరి గొర్రె, ఎందుకు నచ్చింది, ఏమేం చూసి కొన్నారు, అన్నీ చెప్పాలి. వినేవాళ్ళు వీపు నిమిరి, పొదుగు తడిమి, తలా ఒక మాట అనేవాళ్ళు. ఆ పద్ధతికి పేరేమీ లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నంత మామూలుగా జరిగిపోయేది.

ఇప్పుడు నేను చౌటుప్పల్‌లో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. గొర్రెలు లేవు. బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద నెలకు రెండో మూడో పుస్తకాలు కొంటాను. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో చాప పరిచి, గల్లీలోని ఆడవాళ్ళం ఆరేడుగురం కూర్చుంటాం. ఆ నెలలో కొన్న పుస్తకాలను మధ్యలో పెట్టి, ఎందుకు కొన్నామో, లోపల ఏం దొరికిందో చెప్పుకుంటాం. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని పక్కింటి కోడలు ఒకసారి అడిగింది. మా తాత దొడ్డి ముందు అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో ఆడపిల్లకు కాస్త బుద్ధి తెలిశాక ఒక గొర్రెను ఆమె పేరు మీద మందలో వదిలేవారు. దానికి పుట్టిన పిల్లలన్నీ ఆమెవే. మా అక్కకు నాయిన కొనిచ్చాడు. నా వంతు వచ్చేసరికి తాత, ఈ పిల్ల తనదాన్ని తానే కొనుక్కుంటది అన్నాడు. ఆ మాటకు మా అమ్మ అడ్డం చెప్పింది గానీ తాత వినలేదు.

అంగడికి వారం ముందు నుంచి నాకు పాఠం మొదలైంది. నడిపించి చూడాలి, గిట్టలు చూడాలి, పొట్ట కింద చెయ్యి పెట్టి చూడాలి. అన్నిటికంటే ముఖ్యం పళ్ళు, మా మాటలో పండ్లు. గొర్రె వయసు దాని పళ్ళలో ఉంటుంది. కింది పెదవి మీద బొటనవేలు పెట్టి మెల్లగా కిందికి లాగితే అదే నోరు చూపిస్తుంది. మందలోని ఒక్కొక్క గొర్రె పెదవినీ నాతో లాగించాడు తాత. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని వారంలోనే నేను తడుముకోకుండా చెప్పగలిగాను.

అంగడిలో అడుగు పెట్టాక అవన్నీ ఎటు పోయాయో పోయాయి. ఒక మూలన ఆ గొర్రె కనిపించింది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి చారలు. వాగులో కడిగి తెచ్చారేమో, బొచ్చు పొడి పొడిగా మెరుస్తోంది. పొట్ట గుండ్రంగా నిండుగా ఉంది. అది తలెత్తి నన్నే చూసినట్టు అనిపించింది. నేను దాని మెడ చుట్టూ చేతులు వేశాను. తాత తన గొర్రెలు రెండు కొనుక్కుని నా దగ్గరికి వచ్చేదాకా వదల్లేదు.

"అంత సూసినవా బిడ్డా?" అన్నాడు తాత.

"సూసిన."

"నడిపించి సూసినవా?"

"సూసిన." అది నిజమే. అమ్మేవాడు నాలుగడుగులు నడిపించాడు.

"పండ్లు సూసినవా?"

 మరిచిపోయానని చెబితే, చిన్నపిల్లవు, నీకెందుకు అంగడి అంటాడని భయం. చూడబోతే ఈలోపు ఈ గొర్రెను ఇంకెవరైనా కొంటారని ఇంకో భయం. "సూసిన" అన్నాను. తాత నా ముఖం వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత గొర్రె మెడ తాడు అందుకుని, దాని మూతి నిమిరి, బేరం ముగించాడు.

ఇల్లు చేరేసరికి దాని పొట్ట సగానికి పడిపోయింది. ఉప్పు నాకించి కడుపు నిండా నీళ్ళు తాగించి అంగడికి తెస్తారని తర్వాత తెలిసింది. సాయంత్రం పచ్చి మేత వేస్తే నోట్లో పెట్టుకుని చప్పరించి వదిలేసింది. అప్పుడు వేశాను బొటనవేలు. మిగతావి ఊడిపోయి రెండే పళ్ళు మిగిలాయి. ఆ రెండూ కదులుతున్నాయి. ముసలి గొర్రె. ఆ పూట నేను జొన్న గటక ముట్టలేదు. తెల్లారితే దొడ్డి ముందు అందరికీ చూపాలి. అంగడికి ఇక నన్ను రానివ్వరన్నది ఒక బాధ. అంతకంటే పెద్దది, నేను తాతకు అబద్ధం చెప్పానని పది మందిలో బయటపడడం. పొద్దున్నే లేచి గొర్రెను ఇంటి వెనక కట్టెల మోపు చాటున కట్టేసి, ఏమీ ఎరగనట్టు పోయి నిలబడ్డాను.

తాత తన రెండు గొర్రెలనూ చూపించాడు. అందరూ బాగున్నాయన్నారు. తాత బామ్మర్ది ఒకాయన ఉండేవాడు, నోరు ఊరుకోని మనిషి. ఆయన నా వంక చూసి అందుకున్నాడు.

"మూడు కొన్నరట గద బావా. పిల్ల కొన్న గొర్రె ఏది? అప్పుడే అత్తగారింటికి పోయిందా?"

అందరూ నవ్వారు. నేను నా కాళ్ళ వేళ్ళను చూసుకుంటూ ఉండిపోయాను. తాత మెల్లగా రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"జర ఆగు. దానికంటె ముందు నా గొర్రె ఒకటి సూపేది ఉంది."

"ఇంకోటి గూడ కొన్నవా?"

"గిప్పుడు కొన్నది కాదు. మూడేండ్ల కింద తోడేలు ఎత్కపోయింది సూడు, నల్లది. అది."

ఆ నల్ల గొర్రె సంగతి పల్లెలో తెలియనివాళ్ళు లేరు. తాత దాన్ని అంగడి నుంచి తెస్తుంటే వాగు దగ్గర తోడేలు పట్టుకుపోయిందని చెప్పాడు. ఆ ఏడంతా పల్లె ఆ తోడేలు భయంతోనే బతికింది.

"తోడేలు లేదు, ఏం లేదు," అన్నాడు తాత. "అది రోగం గొర్రె. అమ్మేటోడు పొగుడుతుంటె ఇనుకుంట నిలవడ్డ గని పొట్ట పట్టి సూడలె. వాగు దాటంగనే కూలవడ్డది. అక్కడ్నే బొంద తీసి పాతిపెట్టిన. మందల పుట్టి మందల పెరిగినోన్ని, ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె అని తోడేలు అన్న."

 తాత బామ్మర్ది ముఖంలో నవ్వు పోయింది.

"ఓ బావా, ఆ తోడేలు కోసం నేను నెలదినాలు వాగుల కూసున్న. సలికి నా కుక్క సచ్చె."

అక్కడే నిలబడ్డ ఒక ముసలమ్మ కూడా అంది. "మా పిల్లలను వాగుకు పంపక ఎండకాలమంత నేనే నీళ్ళు మోస్తి."

"మోసినవ్ అక్కా," అన్నాడు తాత. "నేను సూసుకుంటనే ఉన్న. ఎండకాలమంత సూసుకుంటనే ఉన్న, చెప్పలె."

తాత అలా తల వంచుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. బామ్మర్ది లేచి రెండడుగులు వేశాడు. పోతాడనుకున్నాం. ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగి, "ఇగ నువ్వు పులొచ్చిందన్నా నేను మంచం దిగ" అని మళ్ళీ కూర్చున్నాడు. ముసలమ్మకే ముందుగా నవ్వు వచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది.

తాత నన్ను పిలవలేదు, నా వైపు చూడనైనా లేదు. నేనే కట్టెల మోపు చాటుకు పోయి గొర్రెను విప్పి తెచ్చాను. కళ్ళు చూసి కొన్నానని చెప్పాను. పళ్ళు చూడలేదని చెప్పాను. చూశానని తాతతో అబద్ధం ఆడానని కూడా చెప్పాను. చివరి మాట నాకే సరిగా వినపడలేదు. తాత బామ్మర్ది గొర్రె పెదవి లాగి చూసి, "రెండున్నయ్ గద. నాకంటె ఒకటి ఎక్కువనే" అన్నాడు. అప్పుడు నేను కూడా నవ్వాను. ఆ పూట మంద ఆలస్యంగా కదిలింది. నీళ్ళ పొట్టను ఎలా గుర్తుపట్టాలో ఒకరు, కడిగిన బొచ్చును ఎందుకు నమ్మకూడదో ఒకరు, తాము మోసపోయిన గొర్రెల కథలన్నీ ఒక్కొక్కటే బయటపెట్టారు. అన్నేళ్ళూ ఆ దొడ్డి ముందు మంచి గొర్రెల ముచ్చట్లే విన్నాను. నాకు నిజంగా గొర్రెను చూడడం వచ్చింది ఆ ఒక్క పూటలోనే.

దొడ్డి నుంచి ఇంటికి వస్తుంటే తాత, అంగడిలో తాడు అందుకున్నప్పుడే తాను గొర్రె నోట్లో వేలు పెట్టి చూశానని చెప్పాడు. మరెందుకు కొన్నావని అడిగాను.

"నువ్వు సూసిన అన్నవ్ గద బిడ్డా," అన్నాడు. 

ఆ గొర్రెకు తవుడు నానబెట్టి, లేత ఆకు తుంచి, నా చేత్తో తినిపించాను. వానాకాలం పోయాక ఒక పిల్లను వేసింది. అదీ పోతుపిల్లే, అంగడికి పోయేదే. మందలో నా వాటా పెరగలేదు.

నేను బడికి పోలేదు. గొర్రెల వెనక తిరిగే పిల్లకు బడి ఎక్కడిది. పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళై, మా కొడుకుకు మందుల కంపెనీలో పని దొరికి ఈ ఊరు వచ్చాక, యాభై ఆరో ఏట ఒకరోజు మా మహిళా సంఘంలో ఒక కాగితం చేతికిచ్చారు. అందరూ చదివామని చెప్పి పక్కవాళ్ళకు ఇస్తున్నారు. చదివినవా పెద్దమ్మా అని పక్కింటి కోడలు అడిగింది. చదివిన అనడం చాలా తేలిక. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అంగడిలో తాత నా వంక చూసిన చూపు గుర్తొచ్చి ఆగిపోయాను. నాకు సదువు రాదు బిడ్డా అన్నాను. మరునాడు సాయంత్రం ఆమె పలక పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నా చదువు అలా మొదలైంది.

ఈ నెల నేను మూడు పుస్తకాలు కొన్నాను. ఒకటి ఆకుల మందుల గురించి. అందులో సగం ఆకులు నాకు తెలిసినవే, పేర్లే వేరు. రెండోది పెద్ద అక్షరాల పిల్లల కథలు, రెండుసార్లు చదివాను. మూడోది లావుపాటి నవల. అట్ట మీద నెమలి ఎంత బాగుందో. లోపల తెరిచి చూడకుండా కొన్నాను. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. పదకొండు పేజీలు చదివేసరికి కళ్ళ నీళ్ళు కారాయి. మా గల్లీలో ఇప్పుడు ఎవరు కొత్త పుస్తకం తెచ్చినా పండ్లు సూసినవా అని అడుగుతారు. ఆ మాట నేర్పిన నేనే చూడలేదు.

మొన్నటి ఆదివారం మా ఎదురింట్లోకి కిరాయికి వచ్చిన పిల్ల మొదటిసారి వచ్చింది. మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పని ఆమెది. చాప అంచున కూర్చుంది. కొంగు కింద ఏదో పుస్తకం ఉంది.

"నువ్వేం కొన్నవ్?" అని పక్కింటి కోడలు అడిగింది.

"ఒకటి కొన్న అక్కా."

"చదివినవా?"

"ఆ, చదివిన."

ఆ గొంతు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు అది నా గొంతే. అందరూ ఆమె వైపు తిరగబోతుంటే, జర ఆగుండ్రి, ముందు నా ముసలి గొర్రెను సూపనియ్యుండ్రి అని నెమలి అట్ట పుస్తకాన్ని చాప మధ్యలో పెట్టాను. బొమ్మ చూసి మోసపోయిన సంగతి, పదకొండో పేజీ దగ్గర ఓడిపోయిన సంగతి దాచకుండా చెప్పాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం కొంచెం ఆలస్యంగా నవ్వింది. తర్వాత కొంగు కింది నుంచి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకం అంటే కొన్న పెద్దమ్మా," అంది. "నాకు తెలుగే సక్కగ రాదు."

మా తాత పోయి ఎన్నో ఏళ్ళైంది. ఆయన మందలో ఒక్క గొర్రె కూడా నా వాటాకు మిగల్లేదు. ఆయన నేర్పిన ఈ బొటనవేలు మాత్రం ఉంది. ఆమె పక్కకు జరిగి కూర్చుని, నా పిల్లల కథల పుస్తకం తెరిచి, మొదటి అక్షరం కింద ఆ వేలు పెట్టాను.