రెడ్డిగూడెం తోటలో మూడు టర్కీ కోళ్ళు

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు డానియేలు భార్య సుశీల ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఆయన పోయి శనివారానికి ఏడాదండి. జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఆయన పెంచిన టర్కీ కోళ్ళు మూడున్నాయి. వాటినే తోటలో కాల్చి భోజనం పెడదామనుకుంటున్నాను. మీరు రావాలి."

డానియేలూ నేనూ రాజమండ్రిలో ఒకే స్కూల్లో పాఠాలు చెప్పాం. తర్వాత అతను ఉద్యోగం మానేసి, రెడ్డిగూడెంలో మామిడి తోట కొనుక్కుని అక్కడే స్థిరపడిపోయాడు.

శనివారం తెల్లవారకుండానే రాజమండ్రిలో విజయవాడ బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాను. లారీల పక్కన నిలబడి ఇడ్లీ తిని, నూజివీడు బస్సు పట్టుకున్నాను. నూజివీడు బస్టాండులో రెడ్డిగూడెం బస్సు కోసం చూస్తుంటే, అరిటాకుల కట్ట చంకన పెట్టుకుని యోహాను గారు కనబడ్డారు. డానియేలుకి అన్నగారు. చింతలపూడి నుంచి వచ్చారు.

ఆయన వస్తారని నేననుకోలేదు. పోయిన తమ్ముణ్ణి చింతలపూడిలో అమ్మానాన్నల సమాధుల పక్కన పెట్టాలని ఆయన పట్టుబట్టారు. సుశీల ఒప్పుకోలేదు. రెడ్డిగూడెం సమాధుల తోటలోనే పెట్టించింది. మట్టి కూడా వెయ్యకుండా వెళ్ళిపోయిన మనిషి, మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"వస్తున్నట్టు చెప్పారా?" అనడిగాను.

"లేదండీ. పొమ్మంటే పోతాను."

ఇద్దరం బస్సెక్కాం. రోడ్డుకి రెండు పక్కలా మామిడి చెట్లకి అప్పుడప్పుడే పూత తొంగిచూస్తోంది.

మేం వెళ్ళేసరికి, చెట్లకి దూరంగా ఉన్న ఖాళీ జాగాలో ఎండు మామిడి కట్టెలు నిప్పులవుతున్నాయి. ముందురోజే ఉప్పునీళ్ళలో నానేసి, అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం పట్టించిన కోళ్ళు గంగాళంలో ఉన్నాయి. సుశీల బావగారిని చూసి ఆగిపోయింది. కూడికకి వచ్చినవాళ్ళు కూడా అటు తిరిగారు. తనే ముందు అంది, "వందనాలు బావగారూ. ఒక కోడి మీరు చూసుకోండి."

ఆయన తల వంచుకుని పార అందుకున్నారు. గుంట తవ్వి, అడుగున కాలిన రాళ్ళూ నిప్పులూ పరిచారు. కోడిని అరిటాకుల్లో మందంగా చుట్టి, తడి గోనెసంచిలో పెట్టి దించారు. పైన రేకు మూసి మన్ను కప్పేశారు. రెండోదాన్ని సుశీల నేలలో పాతిన ఇనప ఊచకి నిలబెట్టి గుచ్చి, దానిమీద రేకు డ్రమ్ము బోర్లించి, చుట్టూ, పైనా నిప్పులు పోసింది. మూడోది నా వంతు. అడ్డకమ్మికి గుచ్చి నిప్పులమీద తిప్పుతూ ఉండాలి. మంట ఎగసినప్పుడల్లా చర్మం నల్లబడేది, లోపల పచ్చిగానే ఉండేది. చెయ్యి పీకేసి, వచ్చినవాళ్ళని బతిమాలి వంతులు మార్చుకున్నాను.

డ్రమ్ము కోడి ముందుగా అయింది. తొడలో పుల్ల గుచ్చితే నీరు తేటగా వచ్చింది. గుంట మాత్రం నాలుగ్గంటలు గడిచేదాకా తియ్యకూడదన్నారు యోహాను గారు. పనేమీ లేదు. ఆయన దానిపక్కనే కూర్చున్నారు. సుశీల మంచినీళ్ళు తెచ్చిచ్చి, లేచిపోకుండా అక్కడే కూర్చుంది.

"వాడు చివర్లో ఏమన్నా అన్నాడా అమ్మా?" అన్నారాయన.

"అన్నయ్యకి కబురు పెట్టు అన్నారండి. పెట్టేలోపే ప్రాణం పోయింది." మళ్ళీ తనే అంది, "ఇక్కడే పెట్టమని నాతో ముందే అన్నారు. ఆ రోజు చెబుదామంటే మీరు విన్లేదు."

యోహాను గారు కండువాతో ముఖం కప్పుకున్నారు. నేను కమ్మి తిప్పడం మర్చిపోయాను. ఒకవైపు మాడిపోయింది.

గుంట తెరిచేసరికి మాంసం ఎముకనుంచి ఊడి వచ్చేస్తోంది. ప్రార్థన యోహాను గారినే చెయ్యమన్నారు అందరూ. "ప్రభువా" అని మరి మాట రాలేదు. మిగతాది సుశీల పూర్తిచేసింది. భోజనాలయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని, "నన్నోసారి తీసుకెళ్ళమ్మా" అన్నారు. ఇద్దరూ సమాధుల తోటకి నడిచి వెళ్ళారు. మేమెవరం వెంట వెళ్ళలేదు.

సాయంత్రం నూజివీడుదాకా ఆయనా నేనూ కలిసే వచ్చాం. చింతలపూడి బస్సెక్కబోతూ, "వాడి మీద గుప్పెడు మట్టి వేశానండీ" అన్నారు.

ఇలా వండాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. త్వరగా కావాలంటే డ్రమ్ము, చేతులు ఎక్కువుంటే కమ్మి. మాట్లాడుకోవలసిన మనుషులుంటే మాత్రం గుంట తవ్వండి.