పక్కింట్లో గింజలు చల్లిన సాయంత్రం

దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ తొలిసారి ఓటేసిన ఎన్నికలు జరిగిన మరుసటి ఏడాది మేం డర్బన్‌లో కాపురం పెట్టాం. మావారు ఆసుపత్రిలో డాక్టరు. అద్దెకు దిగిన ఇల్లు ఒకప్పుడు తెల్లవాళ్లు మాత్రమే ఉన్న పేటలోది. అదే ఇంట్లో మాతో ఉండే ఇంటావిడ, భారతీయుల పేట చాట్స్‌వర్త్ నుంచి కొత్తగా వచ్చిన ముసలావిడ. వాళ్ల తాతలు చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్లు. అవ్వా అని పిలిచేదాన్ని. పేపర్లో రోజూ దోపిడీ వార్తలే. పొద్దు వాలితే చాలు, కిటికీలు బిగించి, మావారి కారు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పక్కింట్లోంచి కేకలు వినిపించాయి. అక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే జపాన్ ఇంజనీరు, భార్య, చిన్న కూతురు ఉండేవారు. పాప కీచుమని అరుస్తోంది. అద్దాలకు ఏవో టపటపా తగులుతున్నాయి. గోడ మీంచి తొంగిచూస్తే, ఎర్రటి ముఖం, కొమ్ములు ఉన్న మనిషొకడు వరండాలో పరిగెడుతున్నాడు. లోపలికి పరిగెత్తాను.

"అవ్వా, పోలీసులకు ఫోన్ చేద్దాం!"

"హైబో!" అంది అవ్వ, అక్కడి జూలూవాళ్లలా. "పోలీసు వచ్చేలోపల పిల్ల ఏమైపోద్ది? రా నువ్వు!"

అవ్వ అప్పడాల కర్ర పట్టుకుని గేటు తీసింది. ఆవిణ్ని ఒంటరిగా పంపలేక నేనూ వెనకే వెళ్లాను.

మమ్మల్ని చూడగానే ఆ కొమ్ములవాడు ముసుగు తీసేశాడు. ఇంజనీరే! పాప పడీపడీ నవ్వుతోంది. తల్లి పదేపదే తల వంచి క్షమించమంది. వాళ్ల దేశంలో వసంతం మొదలయ్యే ముందు రోజు చేసే పండుగట. తండ్రి రాక్షసుడి వేషం కడితే, పిల్లలు వేయించిన సోయా గింజలు విసిరి, "రాక్షసులు బయటికి, అదృష్టం లోపలికి" అని అరవాలట. ఇక్కడ ఉక్కపోస్తున్నా తేదీ మాత్రం తప్పకూడదట.

"దిష్టి తీస్తా ఉండారు!" అంది అవ్వ.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. ఆ ఊరొచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

తర్వాత ఎవరి వయసెంతో అన్ని గింజలు వాళ్లు తినాలట. "నాకు పళ్లు లేదమ్మా," అని అవ్వ నోరు తెరిచి చూపించింది. ఆ తల్లి కప్పులో కాసిని గింజలు వేసి, వేడి టీ పోసి ఇచ్చింది. పెద్దవాళ్లు అది తాగితే చాలట.

ఇంతలో మా ఇంటి ముందు కారు ఆగింది. తెరిచిన గేటు, ఖాళీ ఇల్లు చూసి మావారు నన్ను పిలుస్తూ గొంతు చించుకున్నారు.

"ఇక్కడున్నామండీ!" అని అరిచాను.

ఆయన పరిగెత్తుకొచ్చి, టీ ఊదుకుంటున్న అవ్వనూ నన్నూ చూసి, గుమ్మంలోనే కూలబడ్డారు. పాప ఆయన ఒళ్లో దోసెడు గింజలు పోసింది.

"ముందు తినండి, తర్వాత చెప్తాను," అన్నాను.