పెరిగే పిల్లకి తుపాకీ

నా చిన్నప్పుడు చెప్పుల షాపుల్లో పాదం కొలిచే ఇనప పలక ఒకటుండేది. చల్లగా తగిలేది. షాపతను ఒక మోకాలి మీద కూర్చుని, మన మడమ వెనక్కి ఆనించి, బొటనవేలి దాకా ఒక చిన్న పట్టీ జరిపి, మనమెంతో చెప్పేవాడు. ఇప్పుడా పలక ఎక్కడా కనబడదు. గోడకి పెట్టెలు పేర్చి పెడతారు, మనమే లాక్కుని తొడుక్కోవాలి. కరవకపోతే మనది, కరిస్తే పక్క పెట్టె. మొన్న మాల్‌లో గంటసేపు ఈ పనే చేసి, చివరికి పాత చెప్పులతోనే ఇంటికొచ్చాను. మా నాన్న ఉంటే సంతోషించేవాడు. ఆయనకి ఆ పలకంటే మొదటినుంచీ పడేది కాదు. అది చెప్పేది ఇవాళ్టి పాదం సంగతి. ఆయన కొనేది రెండేళ్ళ తర్వాతి పాదానికి.

మేముండేది అమెరికాలో, ఆర్కన్సా కొండల్లో ఒక చిన్న ఊళ్ళో. ఎనభైల మొదటి సంవత్సరాలు. మా నాన్న కోళ్ళ దాణా తయారుచేసే కంపెనీలో కెమిస్టు. ఏ గింజలో ఎంత బలం, ఔన్సుకి ఎంత ఖర్చు అన్నది ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం మానేవాడు కాదు. ఏ వస్తువునైనా ఔన్సు లెక్కన బేరీజు వేసేవాడు, పెరిగే పిల్ల లెక్కన కొనేవాడు. నా స్వెట్టర్ చేతులకి ఎప్పుడూ రెండు మడతలుండేవి. నా సైకిల్ పెడల్ కిందికి వెళ్ళేటప్పుడు నా పాదం దగ్గర సెలవు తీసుకుని వెళ్ళేది. మా అమ్మ ఈ సంసారంలో మడతలు పెట్టి కుట్టడంలో మంచి నేర్పు సంపాదించింది.

ఊళ్ళో మరో తెలుగు కుటుంబం డాక్టర్ ఆంటీ వాళ్ళది. ఆవిడది బాపట్ల వైపు. మా ఊరి ఆస్పత్రిలో సర్జన్. తెలుగు చర్చి దరిదాపుల్లో లేదు కనక ఆదివారాలు అమెరికన్ల చర్చిలో కూర్చుని తెలుగులో ప్రార్థన చేసుకునేది. ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది నవంబరులో ఒక ఉదయం డ్యూటీకి వెళ్తే ఆస్పత్రి ఖాళీగా ఉందట. నర్సులు లేరు, అది సరే, రోగులు కూడా లేరు. ఇవాళ జింకల సీజన్ మొదలైందని ఎవరో చెప్పారు. రోగాలు సైతం వాయిదా వేసుకునే ఆ పనేమిటో చూసొద్దామని వెళ్ళిన మనిషి వేట నేర్చుకుని వచ్చింది. ఆ తర్వాత ప్రతి చలికాలం ఆవిడ గోంగూరలో జింక మాంసం వేసి వండేది. మా నాన్న వద్దు వద్దంటూనే రెండోసారి వడ్డించుకునేవాడు.

సీజన్ మొదలయ్యే రోజు మా బడికి కూడా సెలవు. మర్నాడు క్లాసులో ఎవరు చూసినా కథే: ఎవరి జింక కొమ్ములకి ఎన్ని చీలికలు, ఎవరి అన్న చెట్టు మీంచి పడ్డాడు. నేను మాత్రం ఇంట్లో ఇడ్లీలు తిన్న కథ తప్ప చెప్పడానికేమీ లేకుండా ఏటేటా ఆ కథలు విన్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ముచ్చట్లు సాగినన్నాళ్ళూ నేను ఆ బల్ల దగ్గర ఉన్నట్టు ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకని పన్నెండో ఏట, బడిలోనే పెట్టిన వేట భద్రత క్లాసుకి వెళ్ళి, పరీక్ష పాసై, ఆ కార్డు పట్టుకుని డాక్టర్ ఆంటీ ముందు నిలబడ్డాను.

"తీసుకెళ్తాను అన్నయ్యగారూ" అంది ఆవిడ మా నాన్నతో. "కాకపోతే దాని తుపాకీ దానికుండాలి. నా దగ్గరున్నది ఒకటే. ఒక తుపాకీతో ఇద్దరెళ్తే వేట జరగదు, పేచీ జరుగుతుంది."

మా నాన్న ఒప్పుకున్నాడు. డాక్టరు చెప్పిన మాట మా ఇంట్లో మందుచీటీతో సమానం. ఆవిడ చీటీ కూడా క్లుప్తంగానే చెప్పింది. బోల్టు ఉన్న రైఫిల్ చూడండి, తలుపు గడియ తీసి వేసినంత సులువు, పాడవడానికి అందులో ఏమీ ఉండదు. కొండెక్కాలి కనక తేలిగ్గా ఉండాలి. తేలిక తుపాకీ భుజాన్ని కాస్త గట్టిగా తంతుంది కనక చిన్న తూటా చాలు. ఖరీదైనది అక్కర్లేదు, జింక ధర అడగదు. "ఒక్కటి మాత్రం మర్చిపోకండి. దాని చేతికిచ్చి చూడందే కొనొద్దు."

ఆ చూడటం ఎలాగో నాకు వాళ్ళ పెరట్లో నేర్పింది. తన రైఫిల్ ఖాళీగా ఉందని తను చూసి, నాకు చూపించి, మట్టిగట్టు వైపు తిప్పి నా చేతికిచ్చింది.

"కళ్ళు మూసుకో. నీకు హాయిగా ఉన్న చోటికి ఎత్తు. ఎత్తావా? ఇప్పుడు తెరువు. ఏం కనిపిస్తోంది?"

"మేఘాలు, ఆంటీ."

"ఎందుకంటే అది నాది. నీది దొరికిన రోజు కళ్ళు తెరిచేసరికి, గురి చూడ్డానికి గొట్టం కొసనున్న ఆ పూస వచ్చి వెనకున్న గాడిలో కూర్చుని ఉంటుంది. నువ్వు దాని దగ్గరికి వెళ్ళక్కర్లేదు. మెడ సాచాల్సి వచ్చిందా, ఎంత గొప్పదైనా వదిలెయ్."

ఇది మా నాన్నకి చెబితే, జాతకాలు చూపించుకొచ్చావా అన్నట్టు చూశాడు. కళ్ళు మూసుకుని వస్తువు కొనడమనేది ఆయన చదువుకున్న రసాయన శాస్త్రంలో లేదు. ఆయన పద్ధతి వేరు. కేటలాగులు తెప్పించాడు. ఎప్పుడూ తుపాకీ పట్టుకోని ముగ్గురు మిత్రులకి, వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి, లాంగ్ డిస్టెన్స్ ఫోన్లు చేశాడు. వాళ్ళు ముగ్గురూ మూడు గట్టి అభిప్రాయాలు చెప్పారు. సెప్టెంబరు పోయింది. అక్టోబరులో ఆయనకొక ఘోరం తెలిసింది: బరువు తగ్గేకొద్దీ తుపాకీ ధర పెరుగుతోంది.

"ఇనుము తగ్గించి డబ్బులెక్కువ అడుగుతారేమిటి? వంకాయలు ఇలాగే అమ్ముతారా?" అని అన్నం ముందు కూర్చుని అడిగాడు. మా అమ్మ వంకాయ కూర వడ్డిస్తూ, దీనికి తన పూచీ లేదంది. చవకైనదీ తేలికైనదీ ఒక్కటే కావాలని ఆయన పట్టుదల. నాకు సీజన్ లోపల కావాలని నా పట్టుదల. ఈ రెండూ అక్టోబరంతా ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా తిరిగాయి.

చివరికి ఒక శనివారం షాపుకి వెళ్ళాం. మా నాన్న వెంట కంపెనీ నుంచి తెచ్చిన కొక్కెం త్రాసు ఉంది. ప్రతి రైఫిల్‌నీ దానికి తగిలించి తూచాడు. షాపతను చాలా మర్యాదస్తుడు. నవ్వు రాబోయినప్పుడల్లా వెనక గదిలోకి వెళ్ళి ఏదో సర్దుకునేవాడు. తూచగా తూచగా బల్ల మీద రెండు మిగిలాయి. రెండూ ఒకే కంపెనీవి, రెండిటికీ ఒకటే ధర. ఒకటి పెద్దవాళ్ళ కొలతది. రెండోది పిల్లలకని, భుజానికి ఆనే వెనక చెక్క పొట్టిగా చేసింది.

నేను అడక్కుండానే పొట్టిది తీసుకుని, షాపతను చూపించిన గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని ఎత్తాను. తెరిచాను. ఆంటీ చెప్పిన పూస గాడిలో కూర్చుని ఉంది, నాకన్నా ముందే వచ్చి ఎదురుచూస్తున్నట్టు. అప్పటిదాకా నా ఒంటికి సరిపోయిన వస్తువేదీ నేనెరగను. అదేమిటో కాసేపు అర్థం కాలేదు. తర్వాత పెద్దది ఎత్తి కళ్ళు తెరిచాను. పైన, ఎవరో పట్టి, లోపల గడ్డి కూరి గోడకి తగిలించిన చేప ఒకటి నన్ను జాలిగా చూస్తోంది.

"నాన్నా, పొట్టిది బాగుంది."

"పొట్టిదానివి నువ్వు. ఎన్నాళ్ళుంటావు? ఏడాదిలో పెరుగుతావు, అప్పుడిదేం చేసుకుంటాం?" తర్వాత షాపతనితో ఇంగ్లీషులో, ఒకటే ధరకి చెక్క తక్కువ ఎందుకిస్తున్నారని అడిగాడు. అతను ఈసారి వెనక గదిలో చాలాసేపు ఉండిపోయాడు.

పెద్దదే కొన్నాం. అన్యాయం చెప్పకూడదు, తేలిగ్గానే ఉండేది. ఆ ధరకి అంత తేలికైనది ఆ చుట్టుపక్కల లేదని మా నాన్న చాలా ఏళ్ళు చెప్పాడు, అది నిజం కూడా. మోయడానికి అద్భుతంగా ఉండేది. నేను దాన్ని మోశాను.

సీజన్‌కి ముందు ఆదివారం డాక్టర్ ఆంటీ చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. నా చేత దాన్ని ఎత్తించింది. నా మెడ కొంగలా సాగడం చూసింది.

"వదినా, ఇంట్లో రంపం ఉందా?" అంది మా అమ్మతో. "వెనక చెక్కలో ఇంత ముక్క కోసేస్తే సరిపోతుంది. పది నిమిషాల పని."

మా నాన్న తుపాకీకీ ఆవిడకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. "కొత్తదాన్ని కోస్తారా డాక్టరుగారూ? రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడు?"

"ఇంకా కాల్చనైనా లేదు. అప్పుడే అమ్మేస్తారా?" అంది మా అమ్మ.

మనుషుల్ని రోజూ కోసే ఆవిడ, ఆ చెక్క ముక్క కోయడానికి మా నాన్న అనుమతి సంపాదించలేకపోయింది. నేను ఏడవలేదు. ఏడిస్తే అసలు వెళ్ళడమే మాన్పిస్తారని తెలుసు. మెడ సాచి గురి చూడటం ఎలాగో ఆ వారమంతా అద్దం ముందు సాధన చేశాను. పరవాలేదనిపించింది. అయితే ఆ సాధన చేసింది పల్చటి చొక్కాలో.

మొదటి రోజు తెల్లవారుతుండగా ఇద్దరం కొండెక్కి ఒక ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నాం. ఆంటీ చిన్న ప్రార్థన చేసింది. నేను వేసుకున్నది నా చలికోటు. రెండేళ్ళ తర్వాతి నాకు కొన్నది, దూది దట్టించింది, చేతులు మడిచినా వేళ్ళ దాకా వచ్చేది. దాని మీద, వేటగాళ్ళు ఒకరికొకరు కనబడాలని వేసుకునే నారింజ రంగు జాకెట్టు. మంచు వల్ల ఆకులు పెళపెళలాడుతున్నాయి. వెలుగు బాగా వచ్చాక ఆ చప్పుడు మాకు ఎదురుగా మొదలైంది.

మగ జింక. పెద్దదేం కాదు. వచ్చి, ఎదురుగా, పక్కకి తిరిగి ఆగింది. ఆంటీ వేలితో నా మోచేతిని తాకింది. అంటే నీదే అని. నేను రైఫిల్ ఎత్తాను. భుజానికి ఆనాల్సిన కొస నా చంక దగ్గర కోటు మడతలో ఇరుక్కుంది. దించి మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ఇరుక్కుంది. మూడోసారికి ఎలాగో భుజం మీదికి వచ్చింది, కానీ నా చెంప ఎక్కడో వెనకుండిపోయింది, పూస గాడికి పైన గాలిలో తేలుతోంది. మెడ సాచాను. కోటు కాలరు గడ్డానికి అడ్డొచ్చింది. జింక నా వైపు చూసింది. దానికి తొందరేమీ లేదు. నా ఇబ్బంది పూర్తిగా చూసి, తోక పైకెత్తి, పొదల్లోకి నడిచి వెళ్ళిపోయింది. పరుగెత్తను కూడా లేదు.

ఆంటీ చేతిలో తన రైఫిల్ ఉంది. కావాలంటే కాల్చగలిగేది. కాల్చలేదు. నా జింకని నాకోసం వదిలేసింది. "పోయిందే పాపా" అంది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఇంకేదీ రాలేదు.

ఆ తర్వాత నేను పెద్దగా పెరగనూ లేదు. ఇప్పటికీ వంటగదిలో పై అర అందుకోవాలంటే కుర్చీ కావాలి. మా నాన్న ఏ లెక్కలోనూ తప్పలేదు, నా ఎత్తు లెక్కలో తప్ప. నా పిల్లలకి మాత్రం చొక్కా ఏదైనా ఆ వారానికి సరిపోయేదే కొన్నాను. ఆర్నెల్లకే బిగుతయ్యేవి, డబ్బు బాగానే తగలేశాను. షాపులో పెనం కొన్నా, గొడుగు కొన్నా, కళ్ళు మూసుకుని ఒకసారి ఎత్తి చూస్తాను. మా ఆయన పక్క వరసలోకి వెళ్ళి నిలబడతాడు. మొన్న మా మనవరాలి వయొలిన్ కూడా అలాగే కొన్నాం. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఒకటొకటే భుజానికి ఆనించుకుని, ఒక దాని దగ్గర ఆగి తనంతట తనే నవ్వింది. పెద్ద సైజుదైతే ఇంకా చాలా ఏళ్ళు పనికొస్తుందని షాపతను చెప్పబోయాడు. నేను చూసిన చూపుకి ఆపేశాడు.

జింక తప్పిపోయిన ఆ రోజు సాయంత్రం ఆంటీ ట్రక్కు మా ఇంటి ముందు ఆగేసరికి మా నాన్న కెమెరా మెడలో వేసుకుని వాకిట్లో ఉన్నాడు. ట్రక్కు వెనక భాగంలోకి తొంగి చూశాడు. ఖాళీ. ఏమైందన్నట్టు నన్ను చూశాడు. నేను జేబులోంచి తూటాలు తీసి ఆయన చేతిలో పోశాను, ఒక్కటీ ఖర్చు కాలేదు. ఆయన ముఖంలో బాధ ఉంది. బాధ వెనక కాస్త పొదుపు కూడా కనబడింది.

"పోనీలే" అన్నాడు నా తల నిమురుతూ. "వచ్చే ఏటికి పెరుగుతావుగా. అప్పటికి సరిగ్గా సరిపోతుంది."

ఆంటీ తన రైఫిల్‌ని సంచీలో పెట్టి జిప్పు లాగింది. ట్రక్కు ఎక్కబోతూ తలుపు పట్టుకుని ఆగింది.

"వచ్చే ఏటి పిల్లకి తుపాకీ కొన్నారు, బాగానే ఉంది అన్నయ్యగారూ. ఇవాళ్టి పిల్లకేం కొన్నారు?"