చెప్పకుండా లేచి వెళ్ళడం

మా వైపు చావు జరిగిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రాకూడదని. మాటల మధ్యలోనే లేచి చెప్పులు వేసుకుంటారు. మా ఆవిడ చనిపోయాక నెలంతా మా ఇంట్లో ఇదే తంతు. అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పాను: జ్వరం, నాలుగో రోజు ఆయాసం, ఆస్పత్రి, అంతే. చెప్పి చెప్పి ఆ కథ నున్నబడిపోయింది. ముగించి తల ఎత్తేసరికి ఎదురు కుర్చీ ఖాళీగా ఉండేది. తర్వాత రావడమే మానేశారు.

బందరులో పుస్తకాలు బైండు చేసి బతికినవాణ్ణి. బడి గడప తొక్కలేదు. కుట్టిన ప్రతి పుస్తకం చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. ఆవిడ పోయాక సూది పట్టబుద్ధి కాలేదు.

గుడివాడలో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ ఆస్పత్రిలో కౌన్సెలింగు చేసే మేడం ఉన్నారు. మంగళవారం రా."

"నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చయితే లాక్కొచ్చేదాన్ని. ఇలా పిలిచేదాన్నా?"

నాకు ఒళ్ళు మండింది. దివిసీమ ఉప్పెనలో మా అమ్మ కొట్టుకుపోయింది. అప్పుడు బియ్యం ఇచ్చారు, దుప్పటి ఇచ్చారు. కూర్చోబెట్టి "ఎలా ఉన్నావురా" అని అడిగినవాడు ఒక్కడు లేడు. ఇప్పుడేమో దానికీ ఒక గది, ఒక బోర్డు.

అలా తిట్టుకుంటూనే బస్సెక్కాను. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు ఎక్కారు. ఒకమ్మాయి నా పక్క సీటు చూపించి, "ఎవరైనా వస్తున్నారా తాతగారూ?" అంది. చూసుకుంటే ఆ సీటులో నా తువ్వాలు పరిచి ఉంది. ఎప్పుడు వేశానో తెలియదు.

"లేదమ్మా, కూర్చో," అని తీసేశాను.

కౌన్సెలింగు మేడం మా అమ్మాయికన్నా చిన్నది. ఆమె అడగకముందే నా కథ మొదలుపెట్టి ముగించాను. ఆమె అంతా విని, "ఆ మొదటి మూడు రోజులూ ఇంట్లో ఎలా గడిచాయండీ?" అంది.

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. లేచాను. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

సాయంత్రం అమ్మాయి కోప్పడింది. "చెప్పకుండా వచ్చేశావట. నీకు కోపం వచ్చిందేమోనని ఆవిడ బాధపడుతున్నారు."

"చావు మాటలు మాట్లాడి వెళ్ళొస్తానంటారటే ఎవరైనా?"

"అది చావింటి పలకరింపు కాదు నాన్నా. మళ్ళీ రావాల్సిన చోటు."

వారమంతా ఆ మూడు రోజులే కళ్ళముందు. మరో మంగళవారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి నున్నటి కథ చెప్పలేదు.

"రెండో రోజు పొద్దున తల దువ్వుకుని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో కూర్చుందమ్మా. ఒక్కసారి డాక్టరుకు చూపించండి అంది. డాక్టర్లంతా దొంగలు, మాత్ర వేసుకుని పడుకో అన్నాను. సంచి మేకుకు తగిలించి లోపలికి వెళ్ళింది."

మీ తప్పేం లేదని ఆమె అనలేదు. అనుంటే నమ్మేవాణ్ణి కాను. "ఆ సంచి ఇప్పుడెక్కడుందండీ?" అంది.

"మేకుకే."

"లోపల ఏముందో చూశారా?"

"లేదమ్మా. చెయ్యి వెళ్ళలేదు."

"మీరొక్కరే చూడలేకపోతే ఇక్కడికి తీసుకురండి."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని నిలబడ్డాను. ఆమె తొందరపెట్టలేదు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాను.

"మంచిదండీ."

బందరు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. తాళం తీసి, లైటు వేసి, మేకు మీది సంచి దించాను. తెరవలేదు. మంగళవారం మర్చిపోకుండా, ఆవిడ ఆ రోజు కూర్చున్న చోటే, గుమ్మం పక్కన పెట్టాను.