బదనిక పిట్ట లేదన్న పెద్దమనిషి

అశోక్‌నగర్‌లో ఫలానా పిట్ట లేదని ఉమాకాంత్ అన్నాడంటే ఇక లేనట్టే. ఎదురు చెప్పే మొనగాడు చిక్కడపల్లి నుంచి బర్కత్‌పుర దాకా ఎవడూ లేడు. ఆయనవి చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్లద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో గుంజో తేలదు. ఆ లోటంతా దేవుడు చెవిలో పూడ్చాడని ఆయన గట్టి నమ్మకం. కరెంటాఫీసులో పనిచేసినన్నాళ్లూ ఫైల్లోంచి తలెత్తకుండానే కిటికీ అవతల కూసింది మగ కోయిలో ఆడ కోయిలో చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ చెవే ఆయన హోదా అయింది. భార్య మనోరమ మాత్రం "మా ఇంట్ల ఒక పిట్టలదొర ఉన్నడు" అని నవ్వేది.

ఆదివారం పొద్దున ఆయన వెంట కొందరు నడిచేవారు. చిక్కడపల్లిలో బయలుదేరి, అశోక్‌నగర్ గల్లీలు తిరిగి, నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగి ఇళ్లకు పోవడం. ఆ నడకకో కట్టుబాటు ఉంది. చెట్టు కింద అందరూ కళ్లు మూసుకోవాలి. ఉమాకాంత్ పిట్ట పేరు చెప్పాకే మిగతావాళ్లు నోరు విప్పాలి. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ హాస్టల్లో ఉండే సంధ్య మొదట్లో ఒకసారి తొందరపడింది. "నేర్చుకోనీకి వచ్చినవా, నేర్పనీకి వచ్చినవా?" అని అందరి ముందూ కడిగేశాడు. మళ్లీ ఆ పిల్ల ముందుగా పెదవి కదిపితే ఒట్టు.

కొంతకాలంగా పెద్దాయనకో దిగులు పట్టుకుంది. మామిడి కొమ్మల మీద బతికే బదనిక మొక్క ఉంటుంది కదా, దాని పళ్లు తినే బొటనవేలంత బూడిదరంగు పిట్ట ఒకటుంది. సన్నగా టిక్ టిక్‌మంటుంది. ఆయన దాన్ని బదనిక పిట్ట అనేవాడు. అది ఈ బస్తీలు విడిచి పోయిందని, హాస్టళ్ల కోసం చెట్లు నరికి తరిమేశారని కనిపించిన ప్రతివాడినీ తిట్టిపోసేవాడు.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం నడక అశోక్‌నగర్ గల్లీలో ఉండే బాలకిషన్ ఇంటి ముందుకు వచ్చేసరికి, గొడ్డళ్లతో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. బాలకిషన్ ఎదురొచ్చాడు.

"అన్నా, బదనిక పట్టి మామిడిచెట్టు ఎండిపోతున్నది. అది ఉన్న కొమ్మ కొట్టిపిద్దామంటున్న. జర చెవి పెట్టి చెప్పు. పిట్టలు గిట్ట ఉంటే ఆగుత."

ఉమాకాంత్ కళ్లు మూసుకున్నాడు. దూరంగా కోయిల, గోడ మీద గోరింకలు, మలుపులో ఆటో హారను. చెట్టులో మాత్రం నిశ్శబ్దం.

"ఏం లేదు. కొట్టిపియ్యి" అన్నాడు.

వెనక సంధ్య "సార్..." అని ఆగిపోయింది. ఆయన వేలెత్తాడు. ఆ పిల్ల తలదించుకుంది.

కొమ్మ కూలింది. ఆకుల మధ్య బూరుగుదూది సంచిలా ఓ చిన్న గూడు వేలాడుతోంది. ఉమాకాంత్ వంగి, కళ్లద్దాలు దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. లోపల ఇంకా ఈకలు రాని కూనలు. ఎర్రటి నోళ్లు బార్లా తెరిచి, మెడలు వణికేలా ఊగిపోతున్నాయి.

చప్పుడు లేదు.

చెవి గూటికి ఆనించాడు. ఏమీ లేదు.

"ఇవి ఒర్లుతలేవు. ఎందుకు ఒర్లుతలేవు?"

బాలకిషన్ వింతగా చూశాడు. "ఏందన్నా గట్లంటవ్? చెవులు గుయ్యిమనేటట్టు మొత్తుకుంటున్నయి కదా!"

ఉమాకాంత్ సంధ్య వైపు తిరిగాడు.

"నీకు ఇంతకుముందే వినవడ్డదా?"

"పోయినేడు సంది ప్రతి ఆదివారం వినవడుతున్నది సార్. మీరు పేరు చెప్తలేరు. కావాల్నని మమ్మల్ని పరీక్ష పెడుతున్నరేమో అనుకున్నం." ఆమె చూపు గూటి మీదే ఉంది. "మీరు అనకముందు మేం అనొద్దు కద సార్."

ఆయన గూటి పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఊరంతా తిరిగి హాస్టళ్లను తిట్టిన మనిషి. పిట్ట ఎక్కడికీ పోలేదు, సన్నటి కూతలకు ఆయన చెవే పోయింది. పోయిన చెవితో తీర్పు చెప్పి గూడు కూల్పించాడు.

గూడున్న రెమ్మను సంధ్య, బాలకిషన్ జాగ్రత్తగా కోసి, చెట్టున మిగిలిన మరో కొమ్మకు సుతిలి తాడుతో కట్టారు. అందరూ గోడ పక్కకు జరిగారు. ఉమాకాంత్ చెట్టు వైపే చూస్తున్నాడు. అంత దూరంలో ఆయన కళ్లకు పచ్చటి మసక తప్ప ఏమీ తెలియడం లేదు. చాయ్ మాట ఎవరూ ఎత్తలేదు.

చాలాసేపటికి సంధ్య కదిలింది. ఏదో చెప్పబోయి, అలవాటుగా నోరు మూసుకుంది.

ఆయన అది చూశాడు. "చెప్పు బిడ్డా. తల్లి వచ్చిందా?"

"వచ్చింది సార్. పిలుస్తున్నది."

"ఏడ?"

"మీ నెత్తి మీదనే."

ఉమాకాంత్ తలెత్తి, చెవి వెనక చెయ్యి దొప్పలా పెట్టుకుని విన్నాడు. ఆటో హారను వినిపించింది.

"అది పిలిచినంతసేపు నాకు చెప్తనే ఉండు" అన్నాడు.